గాజు పళ్లెంలో ఆక్రమణ

ప్రాణం ఎప్పుడు మొదలవుతుందో తేల్చే పని మా రెవెన్యూ వాళ్లకి అప్పగించారని తెలిసి ఊళ్లో చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎవరికీ తేలనివన్నీ ఆఖరికి మా దగ్గరికే వస్తాయి. చెరువు ఎక్కడ ఆగి గట్టు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది మేము. ఫలానావాడు ఫలానావాడి కొడుకేనని కన్నతల్లి చెబితే చెల్లదు, మేం ధ్రువపత్రం ఇస్తే చెల్లుతుంది. అలాంటి శాఖకి ప్రాణం ఒక లెక్కా?

సంగతేమిటంటే, మా కాకినాడలో ఒక కంటి పరిశోధన సంస్థ ఉంది. పిల్లలు లేనివాళ్లకి ఆసుపత్రుల్లో గాజు పాత్రల్లో పిండాలు తయారుచేస్తారు కదా, బిడ్డలు పుట్టాక కూడా ఒకటో రెండో మిగిలిపోతుంటాయట. అలా మిగిలిన ఒక పిండాన్ని దాని తల్లీతండ్రీ ఈ సంస్థకి ఇచ్చారు. ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ. అందులోంచి మూలకణాలు తీసి, గాజు పళ్లెంలో పెంచి, కంటి వెనకపొరలో ఉండే కణాలుగా మార్చి, చూపు పోతున్నవాళ్ల కళ్లల్లో పెట్టాలని డాక్టర్ హైమవతి గారి ప్రయత్నం. ఇవ్వాల్సినవాళ్లందరూ అనుమతులు ఇచ్చేశారు. అయితే కణాలు తీశాక ఆ పిండం ఇక పిండంగా మిగలదు. కణాలు పళ్లెంలోకి చేరాక ఈ మాట బయటికి పొక్కింది, గొడవంతా అక్కడే వచ్చింది.

అది హత్య అని ఒక వర్గం ఊరేగింపు తీసింది. మందు చేతిలో ఉండి కళ్లు పోనివ్వడం మాత్రం హత్య కాదా అని ఇంకో వర్గం అదే రోడ్డు మీద ఎదురు ఊరేగింపు తీసింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నిజం రెండు వైపులా కనిపిస్తే ప్రభుత్వానికి భయం వేస్తుంది. భయం వేసినప్పుడు అది చేసే పని ఒక్కటే కాబట్టి, 'జీవారంభ నిర్ధారణ మండలి' ఏర్పాటయింది.

అధ్యక్షులుగా ఆకొండి వరహాలరావు గారిని వేశారు. విశ్రాంత స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. ఆయన ఉద్యోగమంతా భూమి తగాదాల్లోనే గడిచింది. ఏ వస్తువు ఎదురుగా పెట్టినా ఆయన కళ్లు ముందు దాని నాలుగు హద్దుల కోసం వెతుకుతాయి. కాఫీ కప్పు పెట్టినా సాసరు ఎవరి స్వాధీనంలో ఉందోనని చూసే మనిషి. నేను మండలి సూపరింటెండెంటుని. ఆయన చెప్పింది రాయడం, రాసింది ఆయన చెప్పారని సంతకం పెట్టించడం నా పని.

సభ్యులు ముగ్గురు. వేదం చదువుకున్న చెరుకుమిల్లి సోమయాజులు గారు, జగన్నాథపురం మదరసాలో పాఠాలు చెప్పే మౌలానా కరీముల్లా సాహెబు, తూరంగి నుంచి పాస్టరు ఏసుపాదం గారు. మొదటి సమావేశంలో వీళ్లు కొట్టుకుంటారేమోనని ఇద్దరు కానిస్టేబుళ్లని కూడా పిలిపించి ఉంచాను.

సోమయాజులు గారు ముందు మాట్లాడారు. "శాస్త్రాల్లో ఒకటే మాట లేదండి. జీవుడు బీజంతోనే వచ్చేస్తాడన్న పెద్దలున్నారు, ఏడో నెలలో వస్తాడన్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే, తెలీనిచోట చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవడమే మంచిదంటాను. అలాగని కళ్లు పోయేవాళ్లని చూస్తా కూచోమనీ అనలేనండి."

"మా పెద్దలు నాలుగు నెలలకి రూహ్, అంటే ఆత్మ, వస్తుందన్నారు సాబ్" అన్నారు మౌలానా. "అంతకు ముందుది పూరా మనిషి కాదంటారు చాలామంది. అయినా మనిషి కాబోయేది కదా. చెత్తబుట్టలో వేసే వస్తువైతే కాదు. అదబ్‌తో, మర్యాదగా చూడాలి."

ఆఖరున పాస్టరు గారి వంతు వచ్చింది. "కడుపులో రూపు రాకముందే మనం దేవుడికి తెలుసునని మా నమ్మకమండి. దాని జోలికెళ్లొద్దనే నేనంటాను. కాని మొన్నాదివారం మా సంఘంలో చూపు తగ్గిపోతున్న పెద్దావిడ నా చెయ్యట్టుకుని, మరి నా సంగతేంటి పాస్టరుగారూ అనడిగిందండి. ఏం చెప్పాలో తెలవలేదు."

ఇరవయ్యేళ్లుగా మీటింగులకి వెళ్తున్నాను. ముగ్గురు పెద్దమనుషులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తెలియదని ఒప్పుకోవడం అదే మొదటిసారి చూడటం. కానిస్టేబుళ్లు విసుగొచ్చి టీకి వెళ్లిపోయారు. తెలియదు అన్న మాటని మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియక నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

అధ్యక్షుల వారికి ఆ ఇబ్బంది లేదు. "అభిప్రాయములు విన్నాము, సంతోషము. ఇంతకీ ఇందులో వాది ఎవరు, ప్రతివాది ఎవరు? సదరు వస్తువు ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉన్నది? హక్కు దేవుడిదా, తల్లిదండ్రులదా, సంస్థదా?" అన్నారు.

ఆయన జవాబు కోసం ఆగలేదు.

"హక్కు తేలలేదు. తేలనప్పుడు మన శాఖలో ఏం చేస్తాము సూపరింటెండెంటు గారూ?"

"యథాతథ స్థితి సార్."

"అదీ" అన్నారు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. సదరు గాజు పళ్లెము నందలి వివాదాస్పద కణముల విషయమై తదుపరి ఉత్తర్వులు వెలువడునంత వరకు ఉభయ పక్షములు యథాతథ స్థితిని కొనసాగించవలెను, ఎట్టి మార్పులు, చేర్పులు, విస్తరణలు చేయరాదు. భూమి తగాదాల్లో మేం రోజూ ఇచ్చే ఉత్తర్వే. సర్వే నంబరు ఉండాల్సినచోట గాజు పళ్లెం అని వేశాం, అంతే తేడా.

తర్వాతి వారం స్థల తనిఖీకి వెళ్లాం. అధ్యక్షుల వారు అలవాటు కొద్దీ సర్వేయరుని వెంటబెట్టుకొచ్చారు. అతను కొలత గొలుసు తెచ్చాడు గానీ పళ్లెం అరచేతిలో సగం కూడా లేకపోవడంతో దాన్ని మూలకి పెట్టేశాడు. పంచనామా మాత్రం పద్ధతిగానే జరిగింది. తూర్పున కిటికీ, దక్షిణాన గిర్రున తిరిగే యంత్రం, పడమట డాక్టరు గారి స్టూలు, ఉత్తరాన గోడ, ఈ హద్దుల మధ్య ఒంటి వేడి ఉండే చిన్న బీరువాలాంటి పెట్టె, ఆ పెట్టెలో పళ్లెం. పళ్లెంలో గులాబీరంగు ద్రవం. అందులో కణాలున్నాయని డాక్టరమ్మ చెప్పింది. సర్వేయరు సూక్ష్మదర్శినిలోంచి చూసి, ఉన్నాయి సార్ అన్నాడు.

"ఎన్ని?"

"లక్ష దాకా ఉండొచ్చండి" అంది హైమవతి గారు.

"లక్ష అని వ్రాయండి" అన్నారు అధ్యక్షుల వారు. "ఇకమీదట లక్షే ఉండవలెను."

ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ ఏం జరగబోతోందో ఊహించలేదు. "సర్, ఈ ద్రవం వాటికి ఆహారమండి. రోజూ పాతది తీసి కొత్తది పొయ్యాలి. లేకపోతే ఉండవు" అందావిడ.

వరహాలరావు గారి ముఖం గంభీరమైపోయింది. "అదెలా కుదురుతుందమ్మా? వివాదంలో ఉన్న చేనుకి ఒక పక్షం నీరు పెట్టినచో, రేపు స్వాధీనం నాదే అని దావా వేయును. మా సర్వీసులో ఇటువంటివి ఎన్ని చూడలేదు?"

"చేను కాదండి. కణాలు."

"పెంచుచున్నారా లేదా?"

"పెంచుతున్నామండి."

"నీరు పెట్టుచున్నారా లేదా?"

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. అప్పుడు పాస్టరు గారు కల్పించుకున్నారు. "ఏవండీ, అది ప్రాణమైతే ఆకలుంటాది కదండీ. తగువు తేలేదాకా పస్తుంచుతామా?" మౌలానా, సోమయాజులు గారు కూడా తలలూపారు. అధ్యక్షుల వారు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. తగాదా భూమిలో పంట ఎండిపోకుండా రిసీవరుని వేస్తారు కదా, అలాగే పళ్లేనికీ వేశారు. గ్రామ రెవెన్యూ అధికారి కామరాజుకి ఆ పని పడింది. రోజూ ఉదయం పెట్టె తలుపు మీది లక్కముద్ర విప్పి, డాక్టరమ్మ కలిపి ఇచ్చిన ద్రవం తన చేత్తో పోసి, మళ్లీ ముద్ర వెయ్యాలి. వెనకగదిలో చలిలో గడ్డకట్టించి దాచిన అదనపు కణాల డబ్బాకి కూడా ముద్ర వేసేశాం. వివాదాస్పద ఆస్తిలో అదీ భాగమే కదా.

మంగతాయారు మా ఆఫీసుకి మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. జగన్నాథపురం వంతెన దగ్గర పెసరట్టు ఉప్మా హోటలు నడుపుతుంది. భర్త లేడు. ఆ హోటలే ఆవిడ ఇల్లూ వాకిలీ. లోపలికి వచ్చి నాకూ, నా పక్కనున్న బీరువాకీ కలిపి ఒక నమస్కారం పెట్టింది.

"ఆఫీసరు గారెవరండి? మీరా, ఆరా?"

"అది బీరువా అమ్మా."

"ఏవనుకోకండి. సూటిగా చూస్తే మజ్జలో ఏవీ ఉండదండి నాకు. సుట్టూ ఉంటాది. మీరు కూకున్న కుర్చీ కనపడతాది, మీ మొహం ఉన్నకాడ పొగ సూరినట్టుంటాది. ఎడం కన్ను అయిపోయిందండి. కుడికన్నులో కొంచెం ఉంది. అట్టు అంచు ఎర్రబడిందో లేదో వాసన పట్టుకుని తిప్పుతున్నానండి."

హైమవతి గారి దగ్గర మొదట వైద్యం జరగాల్సింది ఈవిడకే. దసరా లోపల ఆ కణాలు కంట్లో పెడితే కుడికన్ను నిలబడుతుంది. ఆ తర్వాత వెనకపొర ఎండిపోతుంది, ఏది పెట్టినా పట్టదు. డాక్టరమ్మ ఈ మాట ఆవిడకి దాచకుండా చెప్పింది. ఆవిడ నాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. పులిసిన పిండి సాయంత్రానికి పనికిరాదని చెప్పినట్టే చెప్పింది.

"మీరు ఆ పళ్లెం వదిలిపెట్టాలంటండి. ఎప్పుడొదులుతారు?"

మండలి ముందు ఎవరైనా మాట్లాడాలంటే కేసులో పార్టీ అయి ఉండాలి. నేనే ఆవిడకి దరఖాస్తు రాసి పెట్టాను, వేలిముద్ర వేసింది. ఎదురుగా నిలబెట్టాక అధ్యక్షుల వారు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సదరు ఆస్తిలో నీకేమి హక్కున్నది?"

"నాకు ఆస్తి ఏవొద్దు బాబుగారూ. నా కన్ను."

"కన్ను నీదే, కాదనలేదు. పళ్లెం సంగతి అడుగుచున్నాను. వారసత్వమా, కొనుగోలా, కౌలా?"

ఆవిడ ఆయన గొంతు వచ్చిన వైపు తల కొంచెం పక్కకి తిప్పి చూసింది. "అవేవీ కాదండి. ఆళ్లిస్తామన్నారు, నేను తీసుకుంటానన్నాను."

"నోటిమాట" అని అధ్యక్షుల వారు నాకేసి చూశారు. దరఖాస్తు పరిశీలనలో ఉంచాం.

అన్నట్టు ఆ పిండం ఇచ్చినవాళ్లని కూడా పిలిపించారు. సామర్లకోటలో లెక్కల టీచరు వసుంధర, ఆవిడ భర్త. వాళ్లకి కవలపిల్లలు. మాట్లాడింది ఆవిడే.

"మా ఇద్దరు పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో ఇదీ అక్కడి నుంచే వచ్చిందండి. మూడో బిడ్డని పెంచే ఓపిక లేదు మాకు. పారబోయమంటారా, ఎవరికైనా పనికొచ్చేలా ఇస్తారా అని ఆసుపత్రిలో అడిగారు. చాలా రోజులు నిద్రపట్టలేదు. చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలీదండి. ఎవరికైనా చూపొస్తే, పోనీ ఊరికే పోలేదు కదా అనుకుందామనిపించింది."

సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మొత్తం విచారణలో ఎవరైనా అసలు విషయం మాట్లాడింది ఆ కాసేపే అని నా అభిప్రాయం.

"దానపత్రం రిజిస్టరు చేయించితిరా?" అన్నారు అధ్యక్షుల వారు.

"లేదండి, ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టాం."

"స్థిరాస్తి అయినచో రిజిస్టరు కాని దానం చెల్లదు. చరాస్తి అయినచో చెల్లును." ఆయన హైమవతి గారి వైపు తిరిగారు. "సదరు కణములు కదులునా, కదలవా?"

"పళ్లేనికి అతుక్కుని ఉంటాయండి. గుండె కణాలుగా మారిస్తే మాత్రం కొట్టుకుంటాయి."

"ప్రస్తుతం కొట్టుకొనుచున్నవా?"

"లేదండి."

"స్థిరాస్తి" అని రాయించారు. వసుంధర గారు వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, పళ్లెం బాగానే ఉందా అండీ అని డాక్టరమ్మని మెల్లగా అడిగింది.

బాగానే ఉంది. బాగుండటమే దాని కొంప ముంచింది. రెండో తనిఖీలో సర్వేయరు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తి, "సార్, పెరిగాయి" అన్నాడు.

"ఎంత?"

"రెట్టింపు దాటాయండి."

అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచారు. ఉత్తర్వు అమల్లో ఉండగా, లక్కముద్ర చెక్కుచెదరకుండా, రిసీవరు చేతుల మీదుగానే ఇంత విస్తరణ జరిగిందంటే శాఖ పరువేం కావాలి? కామరాజు తను ద్రవం తప్ప ఇంకేం పొయ్యలేదని ప్రమాణం చేశాడు. హైమవతి గారు నెమ్మదిగానే చెప్పింది. "బతికున్న కణం చేసే పని అదేనండి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా అవ్వకపోతేనే భయపడాలి."

"అనుమతి ఎవరిచ్చారు?"

ఆవిడ సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పేసింది.

వారం తిరక్కుండా ఆక్రమణ నోటీసు తయారైంది. "వివాదాస్పద ప్రదేశమున ముందస్తు అనుమతి లేకుండా విస్తరించిన మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో లిఖితపూర్వకముగా తెలియపరచవలెను." చిరునామా: సదరు అదనపు కణములు, గాజు పళ్లెము, కంటి పరిశోధన సంస్థ. నోటీసు అందుకునేవాళ్లు లేరు కాబట్టి పద్ధతి ప్రకారం పెట్టె తలుపుకి అంటించాం. సాక్షి సంతకం నేనే పెట్టాను. గడువులోపల ఏ కణమూ జవాబివ్వలేదు. ఎదురు పార్టీ గైర్హాజరు అని రాసి, అదనపు కణాలను తొలగించి పళ్లేన్ని పంచనామా నాటి స్థితికి తేవలెనని ఉత్తర్వు రాయబోయారు.

అక్కడ ముగ్గురు సభ్యులూ మళ్లీ ఒకే మాట మీదికి వచ్చారు. తొలగించడమంటే చంపడమేనని ముగ్గురూ అన్నారు. పాస్టరు గారైతే లేచి నిలబడ్డారు. ఇంత మతసామరస్యం ఏ ఉత్సవ కమిటీలోనూ నేను చూడలేదు.

అధ్యక్షుల వారు వాళ్ల మనోభావాలని గౌరవించారు. చంపరాదని ఉత్తర్వులోనే రాయించారు. "అయితే ఆక్రమణదారులకు సౌకర్యములు కల్పించుట ఆక్రమణను ప్రోత్సహించుటయే. ఇటువంటిచోట మనం ఎవరినీ బలవంతంగా ఖాళీ చేయించము. నీటి కనెక్షను తీసివేసెదము. వారే ఖాళీ చేసెదరు." కాబట్టి అదనపు కణాలకి ద్రవం పోయడం ఆపాలి, అసలు కణాలకి యథావిధిగా పొయ్యాలి.

మర్నాడు కామరాజు గ్లాసు గొట్టం పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "అయ్యా, అసలుయ్యేయో కొసరుయ్యేయో నాకెలా తెలుస్తాదండి?"

డాక్టరమ్మని పిలిచి అడిగాం. "పాతవి, కొత్తవి అని ఉండవండి. ఒకటి రెండయ్యాక, రెండూ అదే" అంది.

"అనగా ఉమ్మడి" అన్నారు అధ్యక్షుల వారు. "లబ్ధిదారుల గుర్తింపు పూర్తగు వరకు మొత్తం సరఫరా నిలుపుదల చేయుడు."

హైమవతి గారు బతిమాలడం నేను ఆ రోజే చూశాను. అప్పటిదాకా మామీద కోపం దాచుకుని మర్యాదగా మాట్లాడిన మనిషి. "సర్, మూడు రోజులు పొయ్యకపోతే చచ్చిపోతాయండి. మంగతాయారు గారికి టైం లేదు. మీరు చర్చించుకోండి, ఏళ్ల తరబడి చర్చించుకోండి, నేను కాదనను. చర్చ అయ్యేదాకా బతకనివ్వండి."

"డాక్టరు గారూ, భాష జాగ్రత్త" అన్నారు ఆయన. "వాటికి ప్రాణమున్నదని మండలి ఇంకా నిర్ధారించలేదు. నిర్ధారణ కాకుండా చనిపోవునని మీరెట్లు అనగలరు?"

ఆవిడ సంస్థకి వెళ్లి ముద్ర పగలగొట్టబోతే మేం కాపలా పెట్టిన కానిస్టేబుళ్లు అడ్డుపడ్డారట. వెనకగదిలో డబ్బాకి చలి తగ్గకుండా నెలనెలా ద్రవ నత్రజని నింపాలంది, దాని మూత తీస్తే ముద్ర చెడుతుందని మేం ఒప్పుకోలేదు, అందులోని కణాలూ తర్వాత పాడైపోయాయి. తర్వాత రెండు రోజులూ ఆవిడ ఆ పెట్టె పక్కన స్టూలు మీదే కూర్చుందని కామరాజు చెప్పాడు. లోపలి వేడి అంకెలు చూస్తూ కూర్చుందట. నాకు ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు. అయినా ఆఫీసుకి టైముకే వెళ్లాను. ఫైళ్లు పంపాను. అది కూడా చెప్పాలి.

మూడో తనిఖీలో సర్వేయరు చాలాసేపు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు. "పెరగలేదు సార్" అన్నాడు ఆఖరికి. "అన్నీ ఊడిపోయి పైకి తేలుతున్నాయండి. ఏదీ అతుక్కుని లేదు."

మరో వారం ఆగి మళ్లీ చూశారు. లెక్కలో మార్పు లేదు. వరహాలరావు గారి ముఖంలో అంత తృప్తి నేను ఆయన పదవీ విరమణ సన్మానంలో కూడా చూడలేదు. "ఎంతటి వివాదాస్పద ఆస్తిలోనైనా ఇంత కచ్చితముగా యథాతథ స్థితి అమలైన దాఖలా మన జిల్లాలో లేదు" అని ప్రభుత్వానికి నివేదిక పంపారు. రిసీవరు కామరాజుకి ప్రశంసాపత్రం సిఫార్సు చేశారు.

మౌలానా సాహెబు ఆ నివేదిక విని లేచి నిలబడ్డారు. "సాబ్, అది మనిషి అన్నా బతకాలి, మనిషి కాదన్నా ఒకరికి చూపు రావాలి. మీరు రెండూ కానివ్వలేదు."

"మేం మూడు మాటలు చెప్పావండి, నిజవే" అన్నారు పాస్టరు గారు. "పస్తుపెట్టి చంపమని మాలో ఎవరం చెప్పలేదు."

సోమయాజులు గారు కండువా భుజాన వేసుకుని వాళ్లతో పాటు బయటికి నడిచారు. ముగ్గురూ ఒకే ఆటోలో సంస్థకి వెళ్లి, ఆ పెట్టె ముందు కాసేపు నిలబడ్డారట. ఏం ప్రార్థించారో, ఎవరు ఏ భాషలో ప్రార్థించారో నాకు తెలియదు. మరునాడు మూడు రాజీనామాలు వచ్చాయి. అవి ఆమోదించాలంటే ముందు మండలి పని పూర్తి కావాలని అధ్యక్షుల వారు తిప్పి పంపారు.

ఇక మండలి పని ఎలా పూర్తవుతుంది? చనిపోయాయని రాస్తే అంతకు ముందు బతికున్నాయని ఒప్పుకున్నట్టు. బతికున్నాయని ఒప్పుకుంటే ఎవరు చంపారని అడుగుతారు. చనిపోలేదని రాస్తే ద్రవం పొయ్యాలి. ఈ చిక్కు విడదీయడానికి ప్రభుత్వం మండలికి రెండేళ్లు గడువు పొడిగించింది, ఒక జీపు కూడా ఇచ్చింది.

ఈలోగా దసరా వచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకి మంగతాయారు దరఖాస్తు మీద ఉత్తర్వు వెలువడింది. కబురు పంపితే పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వచ్చింది. కుడి చేతి వేళ్లకి కాలిన మచ్చలున్నాయి. హోటలు మూసేసిందట. ఆ మాట పక్కింటావిడ చెప్పింది. ఈవిడ చెప్పలేదు.

"చదివి పెట్టండి బాబూ" అంది.

చదివాను. "దరఖాస్తుదారు వాదనలో బలమున్నదని మండలి సంతృప్తి చెందినది. కావున సదరు గాజు పళ్లెమును ఆమె పనిదినములలో స్వయముగా, కనులారా పరిశీలించుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది." ఇరవయ్యేళ్లలో నేను బయటికి చదవలేక మధ్యలో ఆగిపోయిన ఉత్తర్వు అదొక్కటే. నాకు సిగ్గేసింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాను.

ఆవిడ అంతా విని తల ఊపింది. "మరి ఆఖరికి దానికి ప్రాణం ఉందని తేల్చారా, లేదని తేల్చారా?"

"ఇంకా తేలలేదమ్మా. గడువు పొడిగించారు."

"పోన్లెండి. పెద్ద ఇసయం కదా, టైం పడతాది." తర్వాత ఏ నిష్ఠూరమూ లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. "నాకుందని రాశారా అండి అందులో?"

నేను మొదటి పేజీ నుంచి తిరగేశాను. పళ్లెం ప్రతి పేజీలోనూ ఉంది. కిటికీ ఉంది, స్టూలు ఉంది, లక్కముద్ర ఉంది. ఆవిడ పేరు పైన ఒక్కసారి వచ్చింది. ఆ తర్వాత అన్నిచోట్లా దరఖాస్తుదారు అనే ఉంది. మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను. కాగితాల చప్పుడు వింటూ ఆవిడ బల్ల అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఎతకండి బాబూ, నిదానంగా ఎతకండి" అంది. "నాకిప్పుడు తొందరేం లేదు."